అక్క పేజీలో నా పేరు

మార్చి 4, మంగళవారం. పొద్దున్నుంచి మబ్బు, వాన లేదు. తోలు నానబెట్టాను. కత్తులు నూరాను.

అక్కకు తమ్ముడి నమస్కారం.

ఇక్కడ అంతా మామూలే. నీ లాండ్రీ వెబ్‌సైట్‌లో అడుగున నా బూట్ల దుకాణం పేరు ఉంది. దాన్ని నొక్కితే నా సైటు తెరుచుకుంటుంది. అది తీసేయించు. బావగారు మన బంధువులందరికీ చేసిపెట్టిన సైట్లలో కూడా ఉంది. వాటిలోనూ తీసేయించాలి.

కారణం ఏమంటే, సెర్చ్ కంపెనీ నా సైటుకు శిక్ష వేసింది. మన సైట్ల మధ్య ఉన్నవి అసహజమైన లింకులని నోటీసు పంపింది. వాటివల్ల నాకు నష్టమే తప్ప లాభం లేదు. ఎంత త్వరగా తెంచుకుంటే అంత మంచిది.

వేరే సంగతులు లేవు.

ఇట్లు,
తమ్ముడు

తా.క.: నీ ఎడమ బూటు మడమ ఈపాటికి అరిగి ఉంటుంది. బస్సులో పంపు.

*

మార్చి 9

తారీఖు వేసి, మబ్బు వేసి, తోలు నానబెట్టి, కత్తులు నూరి, ఆ తర్వాత తీరిగ్గా అక్కను తలుచుకునే తమ్ముడికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి చదివాను. "తెంచుకుంటే మంచిది" అన్న చోట చెయ్యి ఆగిపోయింది. ఇస్త్రీపెట్టె ఎత్తడం మర్చిపోయాను. వకీలుగారి తెల్ల చొక్కా వీపు మీద గోధుమరంగు త్రికోణం పడింది. ఆయన ఎప్పుడూ పైన కోటు వేసుకుంటారు కాబట్టి బతికిపోయాను. ఎండాకాలం కోర్టులో కోటు విప్పమంటే మాత్రం ఆ పాపం నీదే.

అసహజమా? ఎవర్రా అసహజం? నేనా? అమ్మ పనికి పోతే నిన్ను చంక దిగనిచ్చానా? నా ఎడమ కాలు పొట్టి కాబట్టి నేను నడుస్తుంటే నువ్వు చంకలో అటూ ఇటూ ఊగేవాడివి. అందుకే ఇవాళ్టికీ నువ్వు నిలబడితే ఒక పక్కకు ఒరుగుతావు. మనకున్న లింకు ఏమిటో ఆ కంపెనీవాళ్లకు తెలియాలంటే వచ్చి నిన్ను నిలబెట్టి చూసుకోమను.

మీ బావ డ్రైవింగ్ స్కూలు మూసి, స్టీరింగ్ వదిలి కంప్యూటర్ పట్టుకున్నప్పటి నుంచి ఎవరికి కాదన్నారు చెప్పు? బాబాయి ఫోటో ఫ్రేముల దుకాణానికి సైటు చేశారు. పిన్ని కుట్టు క్లాసులకు చేశారు. మా మరిది నీళ్ల ట్యాంకులు కడుగుతాడు, వాడికీ చేశారు. గ్రూపు ఫోటోలో అందరినీ దగ్గరగా జరిపి నిలబెట్టినట్టు, అందరి సైట్లలో అందరి పేర్లూ పెట్టారు. అందులో నీ పేరు కొంచెం పెద్దది. నువ్వు చిన్నవాడివని.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "లింకులు సరిపోక వేసుంటారే. మనవాడి వెనక ఎవరూ లేరనుకున్నారు. ఎవరున్నారో చూపిద్దాం" అన్నారు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. నువ్వు మొహమాటస్థుడివి, నోరు తెరిచి సాయం అడగలేవు. అందుకే "తీసేయి" అని తిప్పి రాశావని ఇద్దరం అనుకున్నాం. కాబట్టి భయపడకు. చేయవలసినది చేశాం.

ఇట్లు,
నీ సహజమైన అక్క

తా.క.: నీ పేరు అడుగు నుంచి పైకి మార్పించాను. దుప్పట్ల రేటు కన్నా పైన. మిగతావాళ్ల సైట్లలో ప్రతి పేజీలోనూ పెట్టించాం. మీ బావ స్నేహితుడు ఒకాయన కుక్కల ఫోటోలు పెడుతుంటాడు, అక్కడ కూడా ఉన్నావు.

*

మార్చి 17, సోమవారం. గాలి ఎక్కువ. కిటికీ రెక్కకు మేకు కొట్టాను. కాళ్ల కొలతకు చేసిన చెక్క అచ్చుల మీద దుమ్ము తుడిచాను.

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం అందింది. కుక్కల పేజీ చూశాను.

నేను సరిగా రాయలేదు. ఈసారి వివరంగా రాస్తున్నాను. నాకు అర్థమైనంత వరకు విషయం ఇది. పక్కన ప్రింటింగ్ షాపు నడిపే ఆమె దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాను.

ఎవరైనా ఫోన్‌లో ఏదో వెతికితే, ఏ సైటును ముందు చూపాలో సెర్చ్ కంపెనీ నిర్ణయిస్తుంది. ఒక సైటు గురించి ఇతరులు తమ సైట్లలో తమంతట తాము చెప్పుకుంటే, అది మంచిదై ఉంటుందని అనుకుంటుంది. ఇది తెలిసినవాళ్లు కొందరు కావాలని ఒకరి పేరు ఒకరు రాసుకుంటారు. కంపెనీ దాన్ని మోసం కింద లెక్కవేస్తుంది. బట్టలు ఉతికేచోట, ఫోటోలకు ఫ్రేములు కట్టేచోట, ట్యాంకులు కడిగేచోట, అన్నిచోట్లా ఒకే మాటలతో నా బూట్ల ప్రకటన ఉంది. పరీక్ష హాల్లో అందరి జవాబూ ఒకటే అయితే మాస్టారు ఏమనుకుంటారో వాళ్లూ అదే అనుకున్నారు. నువ్వు అక్కవని వాళ్లకు తెలియదు. తెలిసినా ఒప్పుకోరు.

ఇంకొకటి. నా సైటు కింద చాలా ఖాళీ ఉండేది. నేను అది అందానికి వదిలిన చోటనుకునేవాడిని. ప్రింటింగ్ షాపు ఆమె మౌస్‌తో ఆ ఖాళీ మీద గీస్తే అక్షరాలు పైకి తేలాయి. తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు. "పొట్టి కాలు బూట్లు, బూట్లు పొట్టి కాలు, కాలు పొట్టి బూట్లు" అని అడుగుదాకా ఉంది. మనుషులకు కనిపించకుండా కంపెనీకి మాత్రం కనిపించాలని అలా రాస్తారట. అదీ నేరమే. మొత్తం చెరిపించాను.

చెరిపించి, క్షమించమని కంపెనీకి అర్జీ పెట్టాను. తిరస్కరించారు. లింకులు తగ్గకపోగా పెరిగాయని రాశారు.

అక్కా, నా దగ్గరకు వచ్చేవాళ్లు దారిన పోతూ వచ్చేవాళ్లు కారు. ఒక కాలు పొట్టి అయినవాళ్లు ఇంటికొకరు ఉండరు. ఉన్నవాళ్లు నలుగురిలో అడగరు. తలుపు వేసుకుని ఫోన్‌లో వెతుక్కుంటారు. అప్పుడు నేను కనిపించాలి. జనవరి నుంచి కనిపించడం లేదు. ఒక్క కొత్త మనిషి రాలేదు. గది యజమాని జూన్ దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత దుకాణం మూసి, బూట్ల ఫ్యాక్టరీలో అట్టలు కోసే పనిలో చేరాలి. అక్కడ అందరికీ రెండు కాళ్లూ సమానమని కోస్తారు.

దయచేసి తీసేయించు. మిగతావారికి నేనే రాస్తాను.

తమ్ముడు

తా.క.: బావగారిని ఏమీ అనవద్దు. తెల్ల అక్షరాలతో రాశారంటే ఆయనకూ కొంత సిగ్గు వేసి ఉంటుంది.

*

మార్చి 26

బంధువులందరికీ ఒక్కొక్క కార్డు ముక్క రాసిన మహానుభావుడికి.

ఏమి రాశావురా అందరికీ? "మీ సైటులోంచి నా పేరు తీసేయండి. ఇకపై ఎక్కడా రాయవద్దు. వివరాలు అక్కకు తెలుసు." ఇంతేనా? ఇదా నువ్వు రాస్తానన్నది? కింద తారీఖు, పైన "ఎండ". మధ్యలో ఆ బాంబు!

బాబాయి షాపు మూసి పరుగెత్తుకొచ్చాడు. మెట్లెక్కుతూనే "వాడికి ఏమైంది? సన్యాసంలో కలుస్తున్నాడా?" అన్నాడు. పిన్ని వచ్చి కుర్చీలో కూలబడి ఏడ్చింది. పోయినసారి నువ్వు వచ్చినప్పుడు కూర మాడిందట, అది మనసులో పెట్టుకున్నావట. మా మరిది మాత్రం నిబ్బరంగా, "ఎవరికైనా హామీ సంతకం పెట్టాడేమో వదినా, పేరు దాచుకుంటున్నాడు" అన్నాడు. నేను ఇస్త్రీ ఆపి సెర్చ్ కంపెనీ అంటే ఏమిటో, అసహజమంటే ఏమిటో, మాస్టారు ఏమనుకుంటారో అందరికీ చెప్పాను. చివరికి బాబాయి, "అంతా బాగానే ఉంది కానీ అమ్మాయీ, వాడికి మన మీద కోపం ఎందుకు?" అన్నాడు.

మీ బావ తెల్ల అక్షరాల సంగతి విన్నాక పోయి ఆ పాత డ్రైవింగ్ స్కూలు కారులో కూర్చున్నారు. దానికి ఇంజిన్ లేదు. సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్నారు. కాఫీ అక్కడికే పట్టుకెళ్లాను. "వాడికి మంచి జరగాలనే కదే" అన్నారు. అద్దంలోకి చూస్తూ అన్నారు, నన్ను చూడలేక.

సరే. తీసేయించాను. అందరివీ తీసేశారు. కుక్కల ఆయన కూడా తీసేశాడు.

నా పేజీలోంచి మాత్రం నేనే తీశాను. ఎలా తియ్యాలో మీ బావ చూపించారు. నీ పేరు మీద వేలు పెట్టి నొక్కుతుంటే ఒక్కొక్క అక్షరమే పోయింది. నీకు దుకాణం నిలబడాలి, నిజమే. అది నిలబడకపోతే నాకు మాత్రం నిద్ర పడుతుందా? కానీ "అక్కా, ఇలా కష్టంలో ఉన్నాను" అని మొదటి ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేకపోయావు. తెంచుకోమని రాశావు. కంపెనీవాడు వేసిన శిక్ష నీకు. నువ్వు వేసింది నాకు.

నీ పేరు ఇక నా పేజీలో రాదు. నా నోట కూడా రాదు. నిశ్చింతగా ఉండు.

ఇట్లు,
లాండ్రీ

తా.క.: బూటు పంపడం లేదు. కుంటుతాను.

*

ఏప్రిల్ 11, శుక్రవారం. ఉక్క. కుట్టు మిషన్‌కు నూనె వేశాను. బల్ల కింద పేరుకున్న తోలు ముక్కలు ఎత్తాను.

అక్కకు నమస్కారం.

అందరూ తీసేసినట్టు చూసుకున్నాను. బాబాయికి, పిన్నికి మళ్లీ రాశాను. ఈసారి కోపం లేదని కూడా రాశాను. కూర గుర్తు లేదని రాస్తే పిన్ని ఇంకా బాధపడిందని తెలిసింది.

కంపెనీకి రెండో అర్జీ పెట్టాను. ఏం జరిగిందో, ఏం సరిదిద్దామో మన మాటల్లో రాయాలి. నేను "తప్పు జరిగింది. తీసేశాం." అని రాశాను. ప్రింటింగ్ షాపు ఆమె, "ఏమండీ, క్షమాపణకు కూడా తూకం వేస్తారా?" అంది. ఆమే నన్ను అడిగి అడిగి పెద్దది రాసింది. అందులో నీ ప్రస్తావన వచ్చింది. మా అక్కగారి లాండ్రీ అని ఉంటుంది. వాళ్లు చదువుతారు కాబట్టి చెబుతున్నాను.

ఇంకా జవాబు లేదు. మనుషులూ లేరు. కొన్ని అచ్చులు పాత గుడ్డల్లో చుట్టి పెట్టెలో సర్దాను. వాటి మీద పేర్లు రాసి ఉన్నాయి. పోస్టుమాస్టరుగారి కాలు, రెండో తరగతి టీచరమ్మ కాలు. వేరేచోట పని దొరికితే వీటిని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. పారేయడానికి అవి కట్టెలు కావు.

నీ అచ్చు సర్దలేదు. బల్ల మీదే ఉంది.

మొదటి ఉత్తరం అలా రాయవలసింది కాదు. రాసేటప్పుడు కష్టంలో ఉన్నట్టు రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అందుకని లింకులతో మొదలుపెట్టాను.

తమ్ముడు

తా.క.: ఫోన్ చేద్దామనుకుని రెండుసార్లు తీశాను. ఒకసారి మోగింది. నువ్వు "ఎవరూ" అన్నావు. ఏం చెప్పాలో ఆలోచిస్తుండగా పెట్టేశావు.

*

ఏప్రిల్ 20

బావమరిదికి బావ ఆశీస్సులు.

మీ అక్క నీతో మాట్లాడటం లేదు. అందువల్ల ఆమె చెబుతుంటే నేను రాస్తున్నాను.

ఆ ఫోన్ నీదేనని ఆమెకు అప్పుడే తెలుసట. అంత గట్టిగా ఊపిరి పీల్చి ఏమీ అనని మనిషి ప్రపంచంలో ఇంకొకడు లేడట. ఇది రాయమంది. మళ్లీ కొట్టేయమంది. నేను కొట్టేయలేదు.

బూటు పంపుతున్నాం. ఆమె కుంటడం ఆమెకు బాగానే ఉందట, పక్కింటావిడ అడగడమే బాగాలేదట. మడమ మార్చి పంపు. అందులో ఉత్తరాలేమీ పెట్టవద్దంది.

ఆరోగ్యం జాగ్రత్త. వేళకు తిను. ఇది ఆమె చెప్పలేదు, నేను రాస్తున్నాను. ఇప్పుడు నా భుజం మీదుగా చదివి, "రెండోది ఇంకోసారి రాయి" అంది. వేళకు తిను. మొదటిది ఎందుకు వద్దో నాకు తెలియదు.

నీ బావ

తా.క.: నిన్న ఆమె ఇస్త్రీ చేస్తూ చెబుతుంటే నేను లాండ్రీ సైటులో ఒక పేజీ టైపు చేశాను. దాని గురించి నీకు చెప్పవద్దంది. నీ పేరు లేదు. లింకు లేదు. పొరపాటున కూడా లేదు, నేను మూడుసార్లు చూశాను. అక్షరాలు నల్లవే నాయనా. చాలా నల్లవి.

*

మే 12, సోమవారం. మధ్యాహ్నం దాకా ఎండ, తర్వాత మబ్బు పట్టింది. జిగురు కలిపాను. పెట్టెలోని అచ్చులు తీసి మళ్లీ అరలో పెట్టాను.

అక్కకు తమ్ముడి నమస్కారం.

జరిగింది జరిగినట్టు రాస్తాను. కొంచెం పొడవవుతుంది.

పోయిన వారం ఒకావిడ వచ్చి గుమ్మం ముందు నిలబడింది. కుడికాలు పొట్టి. ఆమె నన్ను చూడలేదు. చేతిలో కాగితం ఉంది. కాగితం చూసి, తలుపు చూసి, "నీలం తలుపు," అంది. "గొళ్లెం వంకర." తర్వాత నావైపు తిరిగి, "రండి అనలేదు. ఇదే," అని లోపలికి వచ్చి కూర్చుంది.

ఆ కాగితం నీ లాండ్రీ పేజీ. పైన "నా తమ్ముడి మీద నా కోపం" అని ఉంది. ఆవిడ చదవమంటే చదివాను. నువ్వు రాయించినదే అయినా కొంత ఇక్కడ రాస్తున్నాను, నువ్వు చెబుతుంటే బావగారు ఏమి మార్చారో తెలియదు కాబట్టి.

"వాడి పేరు చెప్పను. చెప్పవద్దన్నాడు. బస్సు డిపో వెనక సందులో, ప్రింటింగ్ షాపు పక్కన, నీలం తలుపు వాడిది. గొళ్లెం వంకర, బాగుచేసుకోడు. మీకు ఒక కాలు పొట్టి అయితే వాడి దగ్గరకు పోవలసిందే, వేరే దారి లేదు, అదే నా కోపం. పోతే రండి అనడు. మొహం చూడడు, కాళ్లు చూస్తాడు. కిటికీ దాకా నడవమంటాడు. నడిచాక మళ్లీ నడవమంటాడు. మొదటిసారి మీరు కుంటకుండా నడవాలని చూస్తారు కదా, అది వాడికి పనికిరాదు. అలసిపోయి మీలాగా మీరు నడిచేదాకా నడిపిస్తాడు. నేను వాడిముందు ఎంత ఏడ్చానో. నా చిన్నప్పుడు మా అమ్మ చీర కుచ్చిళ్లు ఒక పక్క పొడుగ్గా కట్టి కాలు దాచేది. వీడికి మీసాలు రాకముందే ఎవరివో పాత బూట్లు విప్పి, మళ్లీ కుట్టి, విప్పి, నాకొక బూటు చేశాడు. అది వేసుకుని వీధి చివరికి పోయి వచ్చాను. వెనక్కి తిరిగి ఎవరూ చూడలేదు. అంత మంచి పని చేసి ఎలా ఉందక్కా అని కూడా అడగలేదు వెధవ. ఇప్పటిదాకా అడగలేదు."

ఇంకా ఉంది. నేను ఒరుగుతానని ఉంది. ఫోన్‌లో ఊపిరి గురించి ఉంది. బావగారు ఏమీ మార్చలేదని అనుకుంటున్నాను.

ఆవిడను కిటికీ దాకా నడవమన్నాను. నవ్వింది. మళ్లీ నడవమన్నాను. ఇంకా నవ్వింది. ఇంతవరకు ఇక్కడ నడుస్తూ ఎవరూ నవ్వలేదు. కొలతలకు కష్టమైంది.

మర్నాడు ఒక లారీ డ్రైవరు వచ్చాడు. తర్వాత తండ్రీ కూతురూ. అందరి దగ్గరా అదే పేజీ. ప్రింటింగ్ షాపు ఆమెకు చూపించాను. ఆమె వెతికి చూసింది. "ఒక కాలు పొట్టి బూట్లు" అని కొడితే అన్నిటికన్నా ముందు నీ లాండ్రీ వస్తోంది. చదివినవాళ్లు తమ తమ పేజీల్లో దాని గురించి రాసుకుంటున్నారట, ఎవరూ అడగకుండానే. "వీటినే సహజమైన లింకులంటారండీ," అందామె. "మీ బంధువులంతా కలిసి దొంగతనంగా చేయలేకపోయింది, మీ అక్కగారు తిట్టి చేసేశారు."

కంపెనీ జవాబు కూడా వచ్చింది. వచ్చి కొన్నాళ్లయింది, నేను చూసుకోలేదు. శిక్ష ఎత్తేశారు. అయితే నా సైటు మునుపటి చోటికి రాలేదు, ఎక్కడో కింద ఉంది. ఆ చోటు బావగారి లింకుల బలంతో వచ్చినదట, నాది కాదట. ఉండనీ. ఇకమీద నా పేజీలో నా మాటలే రాస్తాను. నాకు మాటలు తక్కువ కాబట్టి చిన్న పేజీ చాలు.

గది యజమానికి జూన్ తర్వాత కూడా ఉంటానని చెప్పాను. సరే అన్నాడు.

అక్కా, ఒక్క మనవి. మొదటి ఉత్తరంలో తీసేయమని రాశాను. ఇప్పుడు రాసేది జాగ్రత్తగా చదువు. ఆ పేజీ తీయవద్దు. దయచేసి నన్ను క్షమించి, సంతోషంలో అందులో మంచి మాటలు చేర్చవద్దు. నా పేరు పెట్టవద్దు. బావగారిని దగ్గరకు రానివ్వవద్దు. కోపం అలాగే ఉంచు. ఇంట్లో ఎలా ఉన్నా, పేజీలో ఉంచు.

ఎలా ఉందక్కా, ఆ బూటు?

ఇట్లు,
పేరు చెప్పకూడని తమ్ముడు

తా.క.: ఆ లారీ డ్రైవరు రెండు దుప్పట్లు తెచ్చి, ఇక్కడే ఉతుకుతారా అని అడిగాడు. నీ దగ్గరకు పంపాను. మెట్టు మీద మళ్లీ ఎవరో నిలబడి గొళ్లెం చూస్తున్నారు. చినుకులు మొదలయ్యాయి, పెరట్లో దండెం మీద ఆరేసిన తోలు తీయాలి. ఉంటాను.